హైడ్రాలిక్ పోతే విమానం చక్రాలు దిగవా? దిగినా బరువుకి మడుచుకుపోవా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: బెంగళూరు నుంచి విజయవాడ వెళ్తున్నప్పుడు, దిగడానికి కొన్ని నిమిషాల ముందు కాళ్ల కింద దబ్బుమని మోత, గాలి హోరు వినిపించాయి. చక్రాలు దిగుతున్నాయని పక్క సీటాయన చెప్పారు. అవి హైడ్రాలిక్ ఆయిల్‌తో కదులుతాయని మీరు ఎక్కడో చదివారు. ఆ ఆయిల్ కారిపోతే చక్రాలు దిగుతాయా, దిగినా అరవై టన్నులు మీద పడితే మడుచుకుపోవా అన్నది మీ భయం. అసలు ల్యాండింగ్ గేర్ (చక్రాలు, వాటిని మోసే కాళ్లు) ఎలా పనిచేస్తుందో కూడా చెప్పమన్నారు.

సూటిగా చెప్తాను. దిగుతాయి. మడుచుకుపోవు. హైడ్రాలిక్ ప్రెషర్ తప్పనిసరిగా కావలసింది చక్రాల్ని పైకి లాగడానికి. కిందికి రావడానికి వాటి సొంత బరువు చాలు. దిగిన కాలిని నిలబెట్టేది ఆయిల్ కాదు, కీళ్ల అమరిక. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ల్యాండింగ్ గేర్‌లో సగం అర్థమైనట్టే. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

లాక్ ఎలా పడుతుంది

ఇంట్లో మడత బల్ల ఉంటే దాని కాలు తెరిచి చూడండి. కాలికీ బల్లకీ మధ్య రెండు ముక్కల ఇనప పట్టీ ఉంటుంది, మధ్యలో కీలు. కాలు తెరుస్తుంటే ఆ పట్టీ నిటారుగా సాగి, ఇంకొంచెం దాటి, టక్కున ఆగుతుంది. ఆ తర్వాత బల్ల మీద ఎంత బరువు పెట్టినా కాలు మడవదు. మడవాలంటే కీలు దగ్గర వేలితో ఎదురుగా తొయ్యాలి. విమానం గేర్ లాక్ అచ్చంగా ఇదే సూత్రం.

ఎయిర్‌బస్ ఎ320 మెయిన్ గేర్‌ని తీసుకుందాం. కాలు రెక్క కింద పెద్ద కీలు మీద వేలాడుతూ, పక్కకి, పొట్ట వైపుకి మడుచుకుంటుంది. దాన్ని పక్క నుంచి పట్టి ఉంచే బద్ద పేరు సైడ్ స్టే. దానికి మధ్యలో మోకాలు లాంటి కీలు ఉంటుంది. ఆ మోకాలు వంగకుండా కాపలా కాసేది ఇంకో చిన్న జంట బద్ద, అదే లాక్ లింక్. గేర్ పూర్తిగా దిగాక లాక్ లింక్ సరళరేఖని కొద్దిగా దాటి స్టాప్‌కి ఆనుకుంటుంది. రెండు బలమైన స్ప్రింగులు దాన్ని అక్కడే బిగించి ఉంచుతాయి. ఇక కాలిని మడవాలని చూసే ప్రతి లోడూ ఆ లింక్‌ని స్టాప్‌కే మరింత అదుముతుంది. విమానం ఎంత బరువుగా కూర్చుంటే లాక్ అంత గట్టిపడుతుందన్నమాట.

లాక్ తీయడానికి ఆ స్ప్రింగులకి ఎదురు తోసే చిన్న యాక్చుయేటర్ (ఆయిల్ ప్రెషర్‌తో కదిలే పిస్టన్) వేరేగా ఉంటుంది. అంటే లాక్ పడటానికి ప్రెషర్ అక్కర్లేదు, లాక్ ఊడటానికే ప్రెషర్ కావాలి. రాత్రంతా ఇంజన్లు ఆపి, హైడ్రాలిక్ ప్రెషర్ సున్నాకి పడిపోయినా దేవనహళ్లిలో, అంటే బెంగళూరు విమానాశ్రయంలో, విమానాలు నిక్షేపంగా నిలబడి ఉండేది ఇందుకే.

పైకి మడిచినప్పుడు కూడా అంతే. గేర్ గూటిలోకి వెళ్లాక కాలి మీది రోలర్‌ని ఒక ఉక్కు కొక్కెం పట్టుకుంటుంది, దాన్ని అప్‌లాక్ అంటారు. ప్రయాణమంతా గేర్ ఆ కొక్కేనికే వేలాడుతుంది. ఎ320లో వేగం 260 నాట్లు (గంటకి సుమారు 480 కిలోమీటర్లు) దాటగానే సేఫ్టీ వాల్వ్ మూసుకుని గేర్ లైన్లకి హైడ్రాలిక్ సరఫరానే ఆగిపోతుంది. అయినా గేర్ కదలదు.

మీరు విన్న శబ్దాలు

పైలట్ గేర్ లివర్ కిందికి వేస్తే జరిగే వరుస ఇది. ముందు గేర్ తలుపుల అప్‌లాక్‌లు తెరుచుకుని తలుపులు విచ్చుకుంటాయి. అప్పుడే ఆ హోరు మొదలవుతుంది. తలుపులు పూర్తిగా తెరుచుకున్నాయని ప్రాక్సిమిటీ సెన్సర్లు చెప్పేదాకా గేర్ వాల్వ్‌కి ఆజ్ఞ వెళ్లదు, లేకపోతే టైరు తలుపుని గుద్దుతుంది. తర్వాత గేర్ కొక్కెం విడుస్తుంది. కాలు దిగుతూ చివర్లో డౌన్‌లాక్ పడుతుంది. అదే మీరు విన్న దబ్బు. ఎ320లో ఆ తర్వాత పెద్ద తలుపులు మళ్లీ మూసుకుంటాయి, హోరు కాస్త తగ్గుతుంది. ఈ వరుసని నడిపేది ఎల్‌జీసీఐయూ అనే కంప్యూటరు. రెండు ఉంటాయి, వంతులవారీగా పనిచేస్తాయి, ఒకటి పోతే రెండోది అందుకుంటుంది.

విజయవాడ రూట్లో ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం కూడా తిరుగుతుంది. దాని మెయిన్ గేర్ రెక్కలోకి కాకుండా పొట్ట పక్కన ఉబ్బెత్తుగా కనిపించే తొడుగులోకి మడుచుకుంటుంది. మీరు ఎక్కింది అదైతే కిటికీలోంచి చక్రాలు దిగడం కళ్లారా చూడొచ్చు.

నేల మీద ఎవరైనా పొరపాటున లివర్ పైకి వేస్తే? స్ట్రట్ (కాలి లోపలి షాక్ అబ్జార్బర్) నొక్కుకుని ఉన్నంతసేపు లివర్‌కి అడ్డు పడే ఇంటర్‌లాక్ ఉంటుంది. ముక్కు చక్రం నిటారుగా లేకపోయినా అది లివర్‌ని కదలనివ్వదు.

హైడ్రాలిక్ పోయినప్పుడు

ఎ320లో గేర్‌ని నడిపేది గ్రీన్ అనే పేరున్న హైడ్రాలిక్ సిస్టమ్, ప్రెషర్ 3,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). అది పోతే కాక్‌పిట్‌లో పైలట్లిద్దరి మధ్య ఉండే చేతి క్రాంక్‌ని పైకి తీసి గడియారం తిరిగే దిశలో 3 చుట్లు తిప్పాలి. ఆ తిప్పుడులో మూడు పనులు వరుసగా జరుగుతాయి: హైడ్రాలిక్ సరఫరా మూసుకోవడం, యాక్చుయేటర్లలో చిక్కుకున్న ఆయిల్ వెనక్కి పోవడానికి వెంట్ వాల్వులు తెరుచుకోవడం, తలుపుల కొక్కేలు ఆ వెనక గేర్ కొక్కేలు మెకానికల్‌గా విడిపోవడం.

మధ్యలో చెప్పిన వెంట్ వాల్వు సంగతి చాలామంది చదువుకునేటప్పుడు దాటేస్తారు. సిరంజి మూతి మూసి పిస్టన్ లాగి చూడండి, రాదు. యాక్చుయేటర్‌లో ఆయిల్‌కి దారి లేకపోతే గేర్ బరువు ఎంతున్నా అలాగే వేలాడుతుంది. దారి ఇవ్వాలి, కానీ మరీ ధారాళంగా ఇవ్వకూడదు. ఆయిల్ సన్నని రంధ్రం గుండా పోతేనే కాలు నిదానంగా దిగుతుంది.

ముక్కు గేర్ ముందుకి మడుచుకునేలా చేయడంలోనూ ఇదే ఆలోచన ఉంది. కొక్కెం విడిస్తే ఎదురుగాలే దాన్ని వెనక్కి, లాక్ వైపుకి తోస్తుంది. మెయిన్ గేర్‌కి బరువు, స్ప్రింగులు తోడు. ఇలా దించాక తలుపులు తెరిచే ఉండిపోతాయి. ఎ320లో ముక్కు చక్రం తిప్పే స్టీరింగ్ కూడా పోతుంది కాబట్టి రన్‌వే మీద ఆగాక ట్రాక్టరు వచ్చి లాక్కెళ్లాలి. బోయింగ్ 737లో క్రాంక్ బదులు కో-పైలట్ సీటు వెనక నేలలో చిన్న మూత కింద 3 హ్యాండిళ్లు ఉంటాయి, ఒక్కో కాలికి ఒక్కోటి.

బ్రేకుల మాట అడగలేదు గానీ, హైడ్రాలిక్ పోతే వచ్చే తర్వాతి ప్రశ్న అదే. ఎ320లో మామూలు బ్రేకులు గ్రీన్ మీద, రెండో దారి యెల్లో అనే ఇంకో సిస్టమ్ మీద. రెండూ పోతే అక్యుములేటర్‌లో (ప్రెషర్ నిల్వ చేసే చిన్న ట్యాంకులో) దాచిన ప్రెషర్‌తో కనీసం 7 సార్లు పూర్తిగా బ్రేక్ నొక్కొచ్చు.

2024 అక్టోబరు 11న తిరుచ్చి నుంచి షార్జా బయలుదేరిన బోయింగ్ 737లో హైడ్రాలిక్ సమస్య వచ్చింది. టీవీల్లో అదే పనిగా చూపించారు. అది రెండు గంటలకి పైగా చుట్లు కొట్టింది దిగడం తెలియక కాదు. 737లో ఇంధనాన్ని గాల్లో పారబోసే ఏర్పాటు లేదు. బరువు తగ్గాలంటే ఇంధనం కాలాల్సిందే. తర్వాత తిరుచ్చిలోనే క్షేమంగా దిగింది.

మరి ఎప్పుడు దిగవు?

"దిగుతాయి" అన్న మాటకి మినహాయింపులు ఉన్నాయి, దాచకూడదు.

2011 నవంబరు 1న వార్సాలో ఒక బోయింగ్ 767 చక్రాలు లేకుండా పొట్ట మీద దిగింది. హైడ్రాలిక్ లీక్ అయింది, అది ఊహించిందే. 767లో కొక్కేలు విప్పే రెండో దారి ఎలక్ట్రిక్ మోటారు. దానికి కరెంటు ఇచ్చే సర్క్యూట్ బ్రేకర్ ఊడి ఉంది, ఎవరూ గమనించలేదు. లోపల 231 మంది, ఒక్క ప్రాణం పోలేదు. రెండో దారి అనేది ఉండటం వేరు, ఆ రోజు అది పనిచేసే స్థితిలో ఉండటం వేరు.

2007 సెప్టెంబరులో డాష్-8 క్యూ400 విమానాలు రెండింటికి, మూడు రోజుల తేడాతో, డెన్మార్క్‌లో ఒకటి, లిథువేనియాలో ఒకటి, దిగగానే మెయిన్ గేర్ కుప్పకూలింది. కారణం గేర్‌ని పైకి లాగే రిట్రాక్షన్ యాక్చుయేటర్ రాడ్ ఎండ్ (రాడ్ చివరి భాగం) మరల్లో పట్టిన తుప్పు. మరలు ఊడిపోవడంతో యాక్చుయేటర్ విడిపోయింది, కాలు నిదానంగా దిగే బదులు ధడాలున పడింది. అలా పడ్డ దెబ్బకి లాక్ పడాల్సిన భాగాలు దెబ్బతిన్నాయి. 1978 డిసెంబరు 28న అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర కూలిన డీసీ-8 కథ కూడా తుప్పు పట్టిన రాడ్‌తోనే మొదలైంది. గేర్ దబ్బున పడింది, లాక్ పడిందని చెప్పే లైటు సరిగా రాలేదు. సిబ్బంది దాని గురించే ఆలోచిస్తూ గంటసేపు చుట్లు కొట్టి ఇంధనం అయిపోగొట్టుకున్నారు. పది మంది పోయారు.

అందుకే మెకానిక్‌లు గేర్ చూసేటప్పుడు కాలి పిస్టన్ మీద మెరిసే క్రోమ్ పూత దగ్గర ఆగిపోకూడదు. రాడ్ ఎండ్ మరలు, బుష్‌లు, పిన్నుల అంచులు, నీరు నిలిచే మూలలు, ఇవి చూడాలి. గేర్ ఉక్కు మామూలు ఉక్కు కాదు. చాలా విమానాల్లో 300ఎం అనే అత్యధిక బలం గల ఉక్కు వాడతారు. అంత బలంతో పాటు దానికో బలహీనత ఉంది: పైపూత పోయి చిన్న గుంట తుప్పు పడితే చాలు, అక్కడి నుంచి పగులు మొదలై, ముందు హెచ్చరిక లేకుండా విరుగుతుంది. గోటితో గీస్తే తగిలేంత గీత కూడా ఇక్కడ గీతే. "పెయింటే కదా పోయింది" అనే మాట ఈ పనిలో వినకూడని మాట.

ఇక్కడ చెన్నైకీ బెంగళూరుకీ తేడా కనిపిస్తుంది. సముద్రపు ఉప్పు గాలిలో రోజూ రాత్రి ఆగే విమానం గేర్‌కి గ్రీజు, కడుగుడు ఎక్కువ శ్రద్ధగా జరగాలి. గ్రీజు కొట్టేటప్పుడు నిపుల్ (గ్రీజు ఎక్కించే మూతి) దగ్గర కొత్త గ్రీజు కనిపించగానే ఆపేస్తే పని కాలేదు. కీలు రెండు వైపులా పాత నల్ల గ్రీజు పూర్తిగా బయటికొచ్చి, శుభ్రమైన రంగు కనిపించేదాకా కొట్టాలి. నీరు ఆ పాత గ్రీజులోనే దాక్కుంటుంది. కడిగే ప్రెషర్ నీళ్ల గొట్టాన్ని నేరుగా కీళ్ల మీదికీ, సీళ్ల మీదికీ పట్టకూడదు. కడిగాక గ్రీజు తప్పనిసరి.

పిన్ను

నేల మీద పని చేసేటప్పుడు లాక్ లింక్‌లో పెట్టే గ్రౌండ్ లాక్ పిన్ను ఎర్ర పట్టీతో వేలాడుతుంది. తీయడం మర్చిపోతే గేర్ పైకి రాదు, విమానం వెనక్కి తిరిగి రావాలి. డబ్బు, సమయం పోతాయి, అంతే. తప్పు రంధ్రంలో పెట్టడం అంతకంటే చాలా ప్రమాదం. 2021 జూన్ 18న లండన్ హీత్రోలో నిలిచి ఉన్న బోయింగ్ 787 ముక్కు మీద కూలింది. పిన్ను పెట్టాల్సిన రంధ్రం పక్కనే ఇంకో పిన్ను బోలు రంధ్రం ఉంది, పిన్ను దానిలోకి వెళ్లింది. చూడటానికి ఎర్ర పట్టీ వేలాడుతూనే ఉంది. తర్వాత ఒక పరీక్ష కోసం లివర్ పైకి వేశారు, ముక్కు గేర్ మడుచుకుంది. అందుకే పట్టీ చూసి తల ఊపకండి. నిచ్చెన ఎక్కి, పిన్ను లాక్ లింక్ రెండు ముక్కల గుండా దూరిందని చేత్తో తాకి చూడాలి.

విమానాన్ని జాకుల మీద లేపి గేర్‌ని మడిచి దించి చూసే పరీక్ష చేసేటప్పుడు తలుపుల దగ్గర మనుషులు ఉండకూడదు. గేర్ గూటిలోకి తల పెట్టాల్సి వస్తే ముందు తలుపు యాక్చుయేటర్‌కి సేఫ్టీ స్లీవ్ పడాలి. మూసుకునే తలుపు మనిషిని చూసి ఆగదు.

స్ట్రట్: నైట్రోజన్ మోస్తుంది, ఆయిల్ మింగుతుంది

కాలి లోపల ఉండే షాక్ అబ్జార్బర్‌ని ఓలియో స్ట్రట్ అంటారు. సిలిండర్‌లో పిస్టన్, లోపల ఆయిల్, పైన నైట్రోజన్. సైకిల్ పంపు మూతి వేలితో మూసి నొక్కితే ఎదురు తన్నినట్టు నైట్రోజన్ స్ప్రింగులా విమానాన్ని మోస్తుంది. కానీ ఒట్టి స్ప్రింగు అయితే విమానం బంతిలా ఎగురుతుంది. ఆ శక్తిని మింగేది ఆయిల్. అది సన్నని రంధ్రం గుండా తోసుకుంటూ పోయి వేడెక్కుతుంది. చాలా స్ట్రట్లలో ఆ రంధ్రం మధ్య నుంచి ఒక మీటరింగ్ పిన్ను వెళ్తుంది. అది ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా ఉంటుంది. పిస్టన్ ఎంత లోపలికి వెళ్తే దారి అంత ఇరుకవుతుంది. తిరిగి సాగేటప్పుడు వేగంగా తన్నకుండా ఇంకో వాల్వు అడ్డుకుంటుంది.

ఎంత దెబ్బకి తయారు చేస్తారు? పెద్ద విమానాలకి నియమం: గరిష్ఠ ల్యాండింగ్ బరువుతో సెకనుకి 10 అడుగుల వేగంతో నేలని తాకినా తట్టుకోవాలి. సెకనుకి 10 అడుగులంటే గంటకి 11 కిలోమీటర్లే. చిన్నగా అనిపిస్తుంది గానీ, అరమీటరు ఎత్తు నుంచి విమానాన్ని జారవిడిచినంత దెబ్బ అది. 66 టన్నుల ఎ320కి లెక్క వేస్తే సుమారు 3 లక్షల జూళ్లు. మామూలుగా మనం "గట్టిగా దింపాడు" అనుకునే ల్యాండింగులు చాలావరకు దీనికి దరిదాపుల్లో కూడా ఉండవు. పైగా తడి రన్‌వే మీద గట్టిగా దింపడమే సరైన పద్ధతి. స్ట్రట్ నొక్కుకున్నాకే "నేల మీద ఉన్నాం" అన్న సంకేతం పుడుతుంది, స్పాయిలర్లూ (రెక్క మీద లేచే పలకలు) రివర్సర్లూ (ఇంజన్ గాలిని ముందుకి మళ్లించేవి) దాని కోసం ఎదురుచూస్తాయి. 1993 సెప్టెంబరు 14న వార్సాలో ఒక ఎ320 తడి రన్‌వే మీద ఆ సంకేతం ఆలస్యమై, రన్‌వే దాటిపోయి మట్టి గట్టుని గుద్దింది.

ఇప్పుడు పనిలో ఎక్కువగా జరిగే తప్పు. స్ట్రట్ కుంగి కనిపిస్తుంది, క్రోమ్ రెండు వేళ్లు మాత్రమే బయటికి ఉంటుంది. వెంటనే నైట్రోజన్ బండి తెచ్చి ఎత్తు సరిపోయేదాకా గ్యాస్ కొడతారు. విమానం నిటారుగా నిలబడుతుంది, అందరూ సంతోషం. కానీ కారిపోయింది ఆయిల్ అయితే? ఎత్తు బాగుంటుంది, మింగాల్సిన ఆయిల్ ఉండదు. నిలబడి ఉన్నప్పుడు ఆ లోపం కంటికి కనిపించదు, గట్టి ల్యాండింగ్ రోజున స్ట్రట్ అడుగుకి తన్నినప్పుడే తెలుస్తుంది. ఈ అలవాటు మానుకోవాలని ఎంత చెప్పినా తక్కువే.

సరైన పద్ధతి ఇది. క్రోమ్ ఎత్తు కొలవాలి, గేజ్‌తో ప్రెషర్ కూడా చూడాలి, రెండూ కలిపి ఆ విమానం చార్టులో పెట్టి చూడాలి. ఒక్క కొలతతో ఏదీ తేలదు, ఎందుకంటే తెలియనివి రెండు: గ్యాస్ ఎంత, ఆయిల్ ఎంత. ఉష్ణోగ్రత కూడా రాయాలి. బరువు మారకపోతే, బెంగళూరు తెల్లవారుజామున 20 డిగ్రీల్లో ఉన్న గ్యాస్, చెన్నై మధ్యాహ్నం ఆప్రాన్ (విమానాలు నిలిపే చోటు) మీద 45 డిగ్రీల్లో దాదాపు 8 శాతం వ్యాకోచించి క్రోమ్ ఎత్తుని పెంచుతుంది, ఎవరూ గ్యాస్ కొట్టకుండానే. ఆయిల్ అనుమానం ఉంటే మాన్యువల్ ప్రకారం గ్యాస్ మొత్తం వదిలి, స్ట్రట్ పూర్తిగా కుదించి, బుడగలు లేని ఆయిల్ వచ్చేదాకా నింపి, అప్పుడు నైట్రోజన్ ఎక్కించాలి. గ్యాస్ వదిలేటప్పుడు విప్పేది వాల్వ్ మీది స్వివెల్ నట్టు, అదీ నెమ్మదిగా. ప్రెషర్ ఉండగా వాల్వ్ బాడీ విప్పితే అది తుపాకీ గుండే. కుదించేటప్పుడు విమానం కిందికి దిగుతుంది, రెక్క కింద నిచ్చెనలు, స్టాండ్లు ఉంచకూడదు.

ఆయిల్ రంగు చూడండి. విమానం హైడ్రాలిక్ సిస్టమ్‌లో ఉండేది ఊదా రంగు స్కైడ్రాల్. స్ట్రట్‌లో పోసేది సాధారణంగా ఎర్రటి మినరల్ ఆయిల్. రెండూ హైడ్రాలిక్ ఆయిళ్లే కదా అని ఒకదాని బదులు ఇంకోటి పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి, రబ్బరు రకమే వేరు. డబ్బా మీద పేరు చదవకుండా పోయకూడదు.

క్రోమ్ మీద పల్చటి ఆయిల్ తడి ఉండటం మంచిదే, అది సీల్‌కి లూబ్రికేషన్. చుక్కలుగా కారితే లీక్. క్రోమ్ తుడవాలంటే అదే ఆయిల్‌లో తడిపిన, పీచు రాలని గుడ్డతో తుడవాలి. పొడి గుడ్డతో రుద్దితే మన నేలల మీది ఎర్ర దుమ్మే గరుకు కాగితంలా పనిచేసి సీల్‌ని కోసేస్తుంది.

స్ట్రట్ వెనక కత్తెరలా కనిపించే టార్క్ లింకులు పిస్టన్ గుండ్రంగా తిరగకుండా పట్టుకుంటాయి. వాటి బుష్‌లు అరిగితే చక్రం గడగడలాడుతుంది, దాన్ని షిమ్మీ అంటారు. జాక్ మీద లేపి చక్రాన్ని చేత్తో అటూ ఇటూ ఊపితే వదులు తెలిసిపోతుంది. 2005 సెప్టెంబరు 21న ఒక ఎ320 ముక్కు చక్రం అడ్డంగా 90 డిగ్రీలు తిరిగిపోయి లాస్ ఏంజిలిస్‌లో నిప్పులు చిమ్ముతూ దిగింది. అక్కడ విరిగింది లోపల తిరగకుండా ఆపే లగ్‌లు. గేర్ మాత్రం నిలబడింది, 146 మందీ క్షేమం.

బెంగళూరు జక్కూరులోని చిన్న విమానాశ్రయంలో కనిపించే చిన్న సెస్నా 172లో ఇదంతా చాలా సరళం. మెయిన్ గేర్ ఒట్టి స్ప్రింగు ఉక్కు కాళ్లు, మడవవు. ఓలియో ముక్కు కాలికి మాత్రమే, దానిలో గ్యాస్ ప్రెషర్ సుమారు 45 పీఎస్‌ఐ. నేర్చుకోవడం దాని మీద మొదలుపెట్టడం మంచిది.

అసలు శక్తి పోయేది బ్రేకుల్లో

నిలువు దెబ్బ 3 లక్షల జూళ్లు అన్నాను. అదే 66 టన్నుల విమానం 140 నాట్లతో పరుగెడుతుంటే దాని శక్తి సుమారు 17 కోట్ల జూళ్లు, ఐదువందల రెట్లకి పైన. కొంత గాలి నిరోధం, కొంత రివర్సర్లు తీసుకుంటాయి, మిగతాదంతా బ్రేకుల్లో వేడి అవుతుంది. బెంగళూరు విమానాశ్రయం సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పల్చన కాబట్టి స్పీడోమీటర్‌లో అదే వేగం చూపిస్తున్నా నేల మీద అసలు వేగం 4 నుంచి 5 శాతం ఎక్కువ. శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి చెన్నైతో పోలిస్తే బ్రేకులకి దాదాపు 9 శాతం అదనపు పని.

కార్బన్ బ్రేకుల అరుగుదల ఎంత గట్టిగా నొక్కారన్న దానికంటే ఎన్నిసార్లు నొక్కారన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. టాక్సీలో మాటిమాటికీ తాకే కంటే ఒకసారి గట్టిగా నొక్కి వదలడం మేలు. అరుగుదల చూడటానికి ప్రతి బ్రేక్ మీదా వేర్ పిన్ను ఉంటుంది. పార్కింగ్ బ్రేక్ వేసి, ప్రెషర్ ఉన్నప్పుడే చూడాలి. పిన్ను అంచు గైడ్‌తో సమంగా వచ్చిందంటే ఆ బ్రేక్ మార్చాల్సిందే. ప్రెషర్ లేకుండా చూస్తే పిన్ను పొడుగ్గా కనిపించి మోసం చేస్తుంది.

ఎ320లో బ్రేక్ 300 డిగ్రీలు దాటి ఉంటే టేకాఫ్‌కి వెళ్లరు. మరీ వేడెక్కితే చక్రంలోని ఫ్యూజ్ ప్లగ్గులు కరిగి టైరు గాలి దానంతటదే నెమ్మదిగా పోతుంది, పేలకుండా. అలాంటి చక్రం దగ్గరికి వెళ్లాల్సి వస్తే ముందు నుంచో వెనక నుంచో వెళ్లాలి, పక్క నుంచి కాదు. పగిలితే ముక్కలు ఇరుసు దిశలో, పక్కకే ఎగురుతాయి.

టైర్లలో నైట్రోజన్ ఎందుకంటే పెద్ద విమానాల టైర్లలో ఆక్సిజన్ 5 శాతం మించకూడదన్న నియమం ఉంది. 1986 మార్చి 31న మెక్సికోలో ఒక బోయింగ్ 727 గూటిలో, వేడెక్కిన బ్రేక్ పక్కన, మామూలు గాలి నింపిన టైరు పేలింది. 167 మంది పోయారు. ఎ320 మెయిన్ టైరులో ప్రెషర్ సుమారు 200 పీఎస్‌ఐ, కారు టైరుకి ఆరు రెట్లు. రోజూ చూడాలి, దిగాక కనీసం రెండు మూడు గంటలు చల్లారాక. ఉండాల్సిన దానిలో 95 శాతానికి తగ్గకపోతే నింపి పంపొచ్చు. 90 లోపైతే ఆ టైరు తీసేయాలి. 80 లోపైతే అదే ఇరుసు మీది జత టైరు కూడా తీసేయాలి. బయటికి బాగానే కనిపించినా, మెత్తబడ్డ తోడు టైరు బరువంతా మోసి అది లోపల దెబ్బతిని ఉంటుంది.

ఇదంతా చదివాక ఒకసారి కళ్లతో చూడాలనిపిస్తే, మీరు బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి పాత విమానాశ్రయం వైపు హెచ్‌ఏఎల్ మ్యూజియంకి వెళ్లండి. ఆరుబయట నిలబెట్టిన మారుత్ ఫైటర్ దగ్గర వంగి చూస్తే గేర్ దగ్గరగా కనిపిస్తుంది. ముందు కాలి కీలు ఎక్కడుందో వెతకండి, అది ఏ వైపుకి మడవాలో తెలుస్తుంది. తర్వాత దాన్ని మడవకుండా ఆపుతున్న బద్ద ఏదో, ఆ బద్దని వంగకుండా ఆపుతున్నది ఏదో వరుసగా పట్టుకోండి. చివరికి చేరేది చిన్న లింక్ దగ్గరికో, గొళ్లెం దగ్గరికో. దాని ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఏ భాగం ఏమిటో గుర్తు పెట్టి చెప్తాను.